దాజీ పేట్ బొంతలో ఏముంది

నేల మీద పరిచిన ఈ బొంతలో ముందుగా కంటికి ఆనేది కుట్టు. అంచు పట్టుకుని మొదలైన వరుస నాలుగు పక్కలా తిరిగి, వేలెడు లోపలికి జరిగి, మళ్ళీ తిరిగి, అలా తిరుగుతూనే నడిమికి వచ్చి ఆగింది. ఎక్కడా గీత గీసుకున్న ఆనవాలు లేదు. ఒక పక్క కుట్లు చిన్నవి, బిగువైనవి. ఎదుటి పక్క కుట్లు కాస్త పొడుగు. సోలాపూర్ దాజీ పేట్‌లో ఒక అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చుని కుట్టిన బొంత ఇది. చిన్న కుట్లు అత్తవి.

ఇంటి ఖర్చు తగ్గించుకోవడం ఎలాగని ఎవరైనా నన్నడిగితే ఈ బొంతనే ముందు పెడతాను. కొనడం మానేస్తే ఖర్చు తగ్గుతుందని అందరికీ తెలుసు. కొన్నదాంట్లో చివరి దారం దాకా సత్తువ రాబట్టుకోవడానికి పనితనం కావాలి. ఏ గుడ్డలో ఎంత బలం మిగిలిందో వేళ్ళతో కనిపెట్టి, ఆ బలానికి తగిన చోట దాన్ని పెట్టడం ఆ పనితనం. నేతపనివాళ్ళ ఇళ్ళలో అది పుస్తకం లేకుండా, పాఠం లేకుండా చేతి నుంచి చేతికి వచ్చింది. దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

సోలాపూర్ తెలుగువాళ్ళకు కొత్త ఊరేం కాదు. చలికాలం రాగానే తెలంగాణ ఇళ్ళలో పెట్టె మీది నుంచి దిగే చద్దర్ చాలావరకు అక్కడిదే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ తరాల కిందటే అక్కడికి చేరారు. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. ఊళ్ళో దాన్ని జునీ గిర్నీ అంటారు. దాని వెనకే మరికొన్ని మిల్లులు లేచాయి, ఆ తర్వాత ఒకటొకటిగా మూతపడ్డాయి. సాంచాలు, అంటే మరమగ్గాలు, మిగిలాయి. దాజీ పేట్, సాఖర్ పేట్, భద్రావతి పేట్, అశోక్ చౌక్ చుట్టుపక్కల ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు.

నేసేవాళ్ళ ఇంట్లో గుడ్డకు కొదవ ఉండదని బయటివాళ్ళు అనుకుంటారు. నేసిన గుడ్డ సేటుది. కూలి మాత్రమే నేతగాడిది. తను నేసిన చద్దర్‌నే డబ్బిచ్చి కొనుక్కునే ఇంట్లో ఆ చద్దర్ ఎన్నాళ్ళు నిలవాలో చెప్పక్కర్లేదు. అందుకే ఈ కథను బొంత దగ్గర కాకుండా, ఆ బొంత పైపొరగా మారకముందు మంచం మీద ఉన్న చద్దర్ దగ్గర మొదలుపెట్టాలి.

సోలాపూర్ చద్దర్‌ను తిరగేసి చూడండి. ఈ ముఖాన తెల్ల నేల మీద ఎర్ర పువ్వుంటే, ఆ ముఖాన ఎర్ర నేల మీద తెల్ల పువ్వుంటుంది. జాకార్డు అట్టల్లోని చిల్లులు ఏ పడుగు దారం ఎప్పుడు లేవాలో చెబుతాయి. ఆ లెక్క ప్రకారం పైకి రాని రంగు దారం కింది ముఖంలో పువ్వుగా పని చేస్తుంది. మామూలు అద్దకం దుప్పటికి వెనక ముఖమంటే వెలిసిన ముఖమే. దీనికి రెండూ ముందు ముఖాలే. అంటే అరుగుదల కూడా రెండు ముఖాలకూ పంచవచ్చు. తెలిసిన ఇల్లాలు చద్దర్‌ను ఉతికిన ప్రతిసారీ ముఖం మారుస్తుంది, ఒకసారి తల వైపు ఉన్న కొసను మరోసారి కాళ్ళ వైపుకు తిప్పుతుంది. మడమలు రాసుకునే చోటు మారుతూ ఉంటే గుడ్డ ఒక్కచోటే పలచబడదు. రూపాయి ఖర్చు లేని పని, చద్దర్ ఆయుష్షు మాత్రం బాగా పెరుగుతుంది.

2005–06లో సోలాపూర్ చద్దర్‌కూ, సోలాపూర్ టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పేరుతో వేరే చోట నేసిన సరుకు బజార్లో తిరుగుతూనే ఉంది. దాన్ని పట్టుకోవడానికి దాజీ పేట్ చేతులకు అట్టే సేపు పట్టదు. ముందు చద్దర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటారు. నేత ఒత్తుగా ఉంటే వెలుగు అంతటా ఒకేలా మసకగా వస్తుంది, చుక్కలు చుక్కలుగా దూరదు. తర్వాత అంచు. అంచు వదులుగా అలలు తిరిగి ఉంటే పడుగు బిగువు సరిగ్గా లేదన్నమాట, అది నాలుగు ఉతుకులకే వంకర పోతుంది. కొస నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే నూలు కాగితం కాలిన వాసనతో బూడిదైపోతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసగా ముడుచుకుంటుంది. దుకాణంలో పోగు కాల్చనివ్వకపోతే ఒక నీటి చుక్క చాలు. నూలు తాగేస్తుంది, పాలిస్టర్ ఎక్కువైతే చుక్క కాసేపు అలాగే నిలబడుతుంది. కొత్త సరుకుకు గంజి దట్టంగా పెట్టి ఉంటే నూలు మీద కూడా చుక్క ఆగవచ్చు, కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకూడదు.

సెకండ్ సరుకు కొనడంలోనే అసలు నేర్పు కనబడుతుంది. నేతలో తప్పు పడ్డ చద్దర్లు తక్కువకు వస్తాయి. అన్ని తప్పులూ ఒకటి కావు. ఒక పేక తప్పి అడ్డంగా సన్నగీత పడితే అది కంటికే లోపం, బలానికి కాదు. నూనె మరక అంతకంటే చిన్న విషయం. పడుగు దారాలు కొన్ని పేకలో కలవకుండా పైన తేలి ఉంటే మాత్రం వద్దు. అవి గాజులకో మెట్టెలకో తగులుకుని లాగుతాయి, ఆ చోటే చిరుగుకు దారి. చుట్టూ అంచు దెబ్బతిన్నదాని కంటే నడిమిట్లో రంగు తేడా పడ్డది మేలు. సాంచా మీద ఇంట్లోవాళ్ళే పని చేస్తారు గనక, ఏ తప్పు ఎలా పడుతుందో వాళ్ళకు తెలుసు. సగం ధర సరుకులోంచి పూర్తి ఆయుష్షున్నదాన్ని ఏరుకోగలిగేది అందుకే.

తువ్వాలు సంగతి వేరు. టెర్రీకి పడుగులు రెండు: ఒకటి బిగువు, ఒకటి వదులు. రెండు పేకలను నేసిన గుడ్డకు కాస్త ఎడంగా ఆపి, మూడోదాంతో కలిపి ఒక్క దెబ్బతో ముందుకు తోస్తారు. బిగువు పడుగు కదలదు, వదులు పడుగు లేచి ఉంగరాలుగా నిలబడుతుంది. నీళ్ళు తాగేది ఆ ఉంగరాలే. అందుకే తువ్వాలుకు గంజి పెట్టరు, మెత్తదనం కోసం వేసే ద్రవాలూ వేయరు, వేస్తే ఉంగరాలకు పూత పట్టి నీరు జారిపోతుంది. ఏదైనా ఉంగరం పైకి లేస్తే లాగరు, కత్తెరతో కొస కత్తిరించి వదిలేస్తారు. కింది నేత దాన్ని పట్టుకునే ఉంటుంది. కొత్త చద్దర్‌ను ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్ళలో నమ్మకం. ఈ కాలపు రంగులకు దానివల్ల ఒరిగేది తక్కువ. మొదటి మూడు నాలుగు సార్లు చన్నీళ్ళలో విడిగా ఉతికి నీడన ఆరేయడమే పని చేసే పద్ధతి.

ఇక కత్తెర గురించి. బీడీలు చుట్టే ఇంట్లో కత్తెర ఆడదాని చేతిలో రోజంతా ఆడుతూనే ఉంటుంది. తునికాకును తడిపి, ఈనెలు చూసుకుని, రేకు అచ్చు పెట్టి ముక్కలు కోస్తారు. కార్ఖానా ఇచ్చిన ఆకులోంచే లెక్క ప్రకారం బీడీలు తేవాలి. ఆకు చాలకపోతే ఆ నష్టం చుట్టినామె మీదే పడుతుంది. కూలి వెయ్యి బీడీలకు ఇంతని. అందుకే ఒక్కో ఆకులో అచ్చును ఎటు తిప్పితే ఇంకో ముక్క వస్తుందో కన్ను ముందే చూసేస్తుంది. చిరుగును ఒక మూలకు నెట్టి, ముదురు ఈనెను తప్పించి, మిగిలిన జాగాను నింపుతారు. అదే కన్ను మధ్యాహ్నం చాట పక్కన పెట్టి పాత చీర మీద పడుతుంది. దాజీ పేట్ బొంతల్లో కోత ఇంత పొదుపుగా ఉండడానికి మగ్గం ఎంత కారణమో తునికాకూ అంతే కారణమని నా నమ్మకం.

ఆ చీర లెక్క చూడండి. 6 గజాల చీర అంటే 216 అంగుళాల పొడవు, సుమారు 45 అంగుళాల వెడల్పు. చద్దర్ సాధారణ కొలత 60 అంగుళాలకు 90. చీరలోంచి 90 అంగుళాల ముక్కలు రెండు తీస్తే 36 అంగుళాలు మిగులుతుంది. ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పరిస్తే 90 అంగుళాల వెడల్పు అవుతుంది, కావలసింది 60. మిగిలిన 30 అంగుళాలను కోసి పారేయరు. ఒకదాని మీదికి ఒకటి జరిపి నడిమిట్లో రెండు పొరలు చేస్తారు. పడుకున్న మనిషి బరువు పడేది అక్కడే. ఇంకో సంగతి కూడా ఉంది. చీర కింది అంచు నేలకు రాసుకుని అరిగి ఉంటుంది. ఆ అరిగిన అంచులను రెండు ముక్కల్లోనూ నడిమికి తిప్పుతారు, ఒకదానికొకటి ఆసరాగా. నడుము దగ్గర దోపుకునే పై అంచు గట్టిగా ఉంటుంది, అది బొంత పక్కలకు పోతుంది. మిగిలిన 36 అంగుళాలూ రేపటి మాసికలకు మడతపెట్టి దాచిపెడతారు. చీర మొత్తంలో కత్తెర పడేది రెండే చోట్ల.

గుడ్డలను ఏరుకోవడం అంతకు ముందు రోజు పని. చొక్కాల గుండీలు, హుక్కులు విప్పి డబ్బాలో వేస్తారు. కుట్లను కోయకుండా బ్లేడుతో విప్పదీస్తారు, అంగుళం గుడ్డ కూడా మిగులే. గంజి పోయేదాకా వేడినీళ్ళలో ఉడికించి ఎండేస్తారు. ఆరిన ప్రతి ముక్కనూ రెండు చేతులతో పట్టుకుని చిన్నగా గుంజి చూస్తారు. చిరిగే శబ్దం వస్తే అది లోపలి పొరకు. రాకపోతే పైపొరకు. ఈ బొంత కుట్టిన అత్త పాత చద్దర్‌ను చూపించి, "నడిమిట్ల అరిగింది బిడ్డా, పక్కలు గట్టిగనే ఉన్నయి" అన్నప్పుడు ఆమె దాన్ని మడతలోంచి పూర్తిగా విప్పనే లేదు. బొటనవేలితో ఒకసారి రాసింది, అంతే. తర్వాత నేను వెలుతురుకు పట్టి చూస్తే నడుమ నిజంగానే పలచగా ఉంది.

బొంతలు చాలా చోట్ల కుడతారు. మరాఠీ ఇళ్ళలో గోధడి, కన్నడ ఇళ్ళలో కౌది, బెంగాల్‌లో కాంథా, జపాన్ పల్లెల్లో పాత నీలిగుడ్డల అతుకుల బోరో, అన్నీ ఒకే అవసరంలోంచి పుట్టినవే. నేతపనివాళ్ళ బొంతలో ఒక విశేషం మాత్రం నాకు ప్రత్యేకంగా కనబడింది. ప్రతి ముక్కనూ పడుగు నిలువుగా వచ్చేలా పరుస్తారు. గుడ్డ ఉతికితే పడుగు వైపు ఎక్కువ ముడుచుకుంటుంది. ఒక పొర నిలువుగా, ఇంకో పొర అడ్డంగా ఉంటే మొదటి ఉతుకుకే బొంత మెలికలు తిరిగి, ముడతల దగ్గర కుట్టు తెగుతుంది. అంచు లేని చిన్న ముక్కలో పడుగు ఎటో ఎలా తెలుస్తుంది? రెండు వైపులా గుంజి చూస్తే తక్కువ సాగేది పడుగు. బడి యూనిఫారం జేబు ముక్కను కూడా కోడలు ఇలాగే గుంజి చూసి తిప్పి పెట్టింది. అలా పెట్టిన జేబు ముక్క ఈ బొంత ఎడమ మూలకు దగ్గరగా ఉంది. దాని నీలి గీతలు పక్కనున్న చీర గీతలతో సమానంగా, నిలువునా దిగాయి.

పరిచే వరుసలోనూ ఆలోచన ఉంది. కింద గట్టి చీర. దాని మీద పలచబడ్డ ముక్కలు, ఒక పొరలోని అరిగిన చోటు మీద ఇంకో పొరలోని అరిగిన చోటు పడకుండా. అతుకుల మీద అతుకు రాకుండా. వస్తే అక్కడ దబ్బనం దిగదు, దిగినా ఒళ్ళు ఒత్తుకుంటుంది. నడుమ తువ్వాలు ముక్కలుంటే బొంత వెచ్చగా ఉంటుంది, ఆరడానికి మాత్రం ఆలస్యం. అందుకే వాటిని ఛాతీ వచ్చే చోటికే వాడారు. ఆ పైన చద్దర్‌లో బలంగా మిగిలిన పక్కలు రెండూ నడిమికి తిప్పి కలిపి కుట్టిన పైపొర. అరిగిన నడిమి భాగం ఎటు పోయిందని వెతికితే లోపలి పొరల్లో, కాళ్ళ వైపు దొరికింది. పొరలన్నీ పరిచాక నాలుగు మూలలా బరువులు పెట్టి, పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా చేస్తారు.

దారం కొన్నది కాదు. కండెల మీద కొసలకు మిగిలిపోయిన నూలును రెండు మూడు పోగులు కలిపి పేని, కొవ్వొత్తి ముక్కతో రుద్ది వాడారు. మైనం పట్టిన దారం గుడ్డలో జారుతుంది, పీచు లేవదు, చెమటకు తొందరగా కుళ్ళదు. కుట్టు మామూలు ముందు కుట్టే. ఐతే ప్రతి జానెడుకూ ఒక వెనక కుట్టు పడింది. ఎందుకో అడిగితే కోడలు ఒక వరుసలో తెగిన దారాన్ని చూపింది. తెగిన చోట నుంచి రెండు పక్కలా జానెడు దూరమే వదులైంది, ఆ వెనక కుట్టు దగ్గర ఆగిపోయింది. మరమ్మతు చేయాల్సింది ఆ జానెడే. మూలల్లో కుట్టు రెండుసార్లు తిరిగింది, ఎందుకంటే తడిసిన బొంతను ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండేటప్పుడు బరువంతా మూలల మీదే పడుతుంది. చుట్టూ పట్టీగా చీర అంచు. గుడ్డలో నేత అన్నిటికంటే బిగువుగా ఉండేది అంచులోనే. దాని మీది జరీ రంగు అందం కోసం పెట్టారని మొదట చూసినవాళ్ళకు అనిపిస్తుంది. అందమూ నిజమే, బలమూ నిజమే.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో, బీడీల పనికి పనికి నడుమ, ఇలాంటి బొంత పూర్తవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల కష్టానికి ధర కట్టి, పరుపు ధరతో పోల్చి, గిట్టుబాటు కాదని చెప్పేవాళ్ళుంటారు. నాకు ఆ వాదన ఒప్పుదల కాదు. ఆ మధ్యాహ్నాలకు వేరే కూలి దొరకని ఇంట్లో ఆ గంటలే పెట్టుబడి. పైగా పరుపు అరిగితే పారేయాలి. బొంత అరిగితే దాన్ని అలాగే నడిమి పొరగా పెట్టి ఇంకో బొంత కుడతారు.

బొంతలోకి కూడా రాని గుడ్డలకూ వరుస ఉంది. మెత్తబడ్డ నూలు చీర పసిబిడ్డ పొత్తిగుడ్డలకు. పాత తెల్లపంచె దీపం వత్తులకు, మందారం రంగు అంటినది మసిగుడ్డకు. అన్నీ అయిపోయాక మిగిలే పీలికలు సాంచాల షెడ్డుకు వెళ్ళి నూనె తుడుస్తాయి. ఇంత చేస్తే ఏడాదికి ఎంత మిగులుతుందని లెక్క కట్టిన కాగితం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. మిగిలింది ఎటు పోతుందో మాత్రం తెలుసు: భిశీకి. నెలనెలా పదిమంది ఆడవాళ్ళు కట్టుకుని వంతులవారీగా ఎత్తుకునే ఆ చీటీలోంచే ఫీజులు, పెళ్ళి ఖర్చులు. ఊరి బయట కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల సహకార సంఘం కట్టించుకున్న పదివేల ఇళ్ళు 2006లో చేతికొచ్చినప్పుడు ప్రభుత్వాల సాయంతో పాటు ఆడవాళ్ళు తమ వంతు సొమ్మూ కట్టారు. రోజుకూలి మీద బతికే ఇళ్ళలో ఆ వంతు ఇలాంటి చిన్న చిన్న మిగుళ్ళలోంచే రావాలి.

ఇప్పుడు ఈ పనికి అడ్డం వస్తున్నది పాలిస్టర్. పిల్లల బట్టల్లో, రోజూ కట్టే చీరల్లో నూలు తగ్గిపోయింది. పాలిస్టర్ చిరగదు, నిజమే. చెమట పీల్చదు, దబ్బనం కింద జారుతుంది, నూలుతో పాటు ముడుచుకోదు. రెండూ ఒకే పొరలో కలిస్తే నూలు ముడుచుకుని పాలిస్టర్ బుడగలు బుడగలుగా ఉబ్బుతుంది. చాలా ఇళ్ళలో ఈ కారణంగానే బొంత కుట్టడం మానేశారు. ఈ కోడలు మానలేదు. నూలు ముక్కలన్నీ లోపల పెట్టి, పాలిస్టర్ చీరను నేల తగిలే కింది ముఖంగా, విప్పుకోగలిగే తొడుగులా వేయడం మొదలుపెట్టింది. మూడు పక్కలా కుట్టి నాలుగో పక్క నాడాలు కట్టింది. తడి, దుమ్ము తొడుగుకే అంటుతాయి, దాన్నొక్కదాన్నే తీసి ఉతికితే గంటలో ఆరిపోతుంది, బరువైన బొంతను మాటిమాటికీ పిండాల్సిన పని లేదు. "ఇగ దీన్ని సాలుకు రెండుసార్లు ఉతికితే సాలు" అంది. అత్త ఆ నాడాలను లాగి చూసి, రెండు చోట్ల కుట్టు వదులుగా ఉందని విప్పించి మళ్ళీ వేయించింది.